నాచారం అటక మీంచి సముద్రం అడుక్కి

నాచారం: అటక మీది సామాను

నాచారం నుంచి ఎటు పోయినా సముద్రం చేరాలంటే ఒక రాత్రి రైలు ప్రయాణం తప్పదు. అయినా ఆ వానాకాలమంతా సముద్రంలో మునిగే సామాను మా ఇంట్లోనే ఉంది. అటక మీద, ఉల్లిగడ్డల గంపకూ విరిగిన ఫ్యాను రెక్కలకూ మధ్య.

అది మా బామ్మర్ది శ్రీనుది. శ్రీను అండమాన్‌లో హావ్‌లాక్ అనే దీవిలో ఉంటాడు. సముద్రం అడుగు చూడాలని వచ్చేవాళ్లను చేయి పట్టుకుని నీళ్లలోకి తీసుకుపోవడం అతని ఉద్యోగం. వానాకాలం అక్కడ పని ఉండదు కాబట్టి అక్క ఇంటికి వచ్చి కొన్నాళ్లు ఉన్నాడు. తిరిగి పోయేటప్పుడు వాళ్లక్క, అంటే నా భార్య పద్మ, కట్టిచ్చిన ఆవకాయ, గోంగూర, కందిపొడితోనే విమానం వాళ్లు ఒప్పుకునే బరువు నిండిపోయింది. పచ్చళ్లు ఎగిరిపోయాయి, సామాను మా ఇంట్లో మిగిలింది.

సీజన్ మొదలవుతుండగా ఫోన్ చేశాడు.

"బావగారూ, కొత్త సెట్టు కొనాలంటే నా వల్ల కాదు. మీరూ అక్కా కలిసి పట్టుకొచ్చేయండి. మిమ్మల్ని సముద్రం అడుక్కి దింపే పూచీ నాది."

ఆ మాటకు నాకు రెండు రోజులు అన్నం సహించలేదు, సంతోషంతోనే. ఎందుకో చెప్పాలి. నా చదువు పదో తరగతితో ఆగింది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న రబ్బరు వర్క్స్‌లో వాషర్లు, గాస్కెట్లు పోతపోస్తాను. మిగతా చదువంతా షిఫ్టు దిగాక లైబ్రరీలో చదువుకున్నదే. అక్కడ సముద్రాల మీద ఒక లావు పుస్తకం ఉంది. పగడం రాయి కాదనీ, చెట్టు కాదనీ, కోట్ల చిన్న ప్రాణులు తరతరాలుగా కట్టుకున్న బస్తీ అనీ నేను తెలుసుకున్నది ఆ పుస్తకంలోనే. ప్రతి పగడం, ప్రతి చేప పేరూ నాకు నోటికి వచ్చు. కానీ రంగుల బొమ్మలున్న పేజీలన్నీ నాకంటే ముందే ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు. ఎర్ర పగడం ఎంత ఎరుపో, నీలి చేప ఎంత నీలమో ఆ పుస్తకం నాకు చూపించలేదు. అవి నా కళ్లతో చూడాలి. నాకున్న కోరిక అదొక్కటే.

అయితే నా కళ్లతోనే వచ్చింది చిక్కు. నా పవర్ మైనస్ ఏడు. కళ్లజోడు తీస్తే ఎదురుగా ఉన్నది పద్మో బీరువానో చెప్పలేను. జోడు పెట్టుకుని మాస్కు తగిలించుకుంటే నీళ్లు లోపలికి వస్తాయి. అక్కడ అద్దెకిచ్చే మాస్కులకు పవర్ ఉండదు.

"నా సామానులో పాత మాస్కు ఇంకోటి ఉంటుంది బావగారూ. దాంట్లో మీ పవర్ అద్దాలు అతికించుకోండి," అన్నాడు శ్రీను.

మాస్కు దించి, కడిగి, ఆరబెట్టి, అలవాటు ప్రకారం దానికి చాక్ పౌడర్ పట్టించాను. రబ్బరు పనిలో ఉన్నవాడెవడైనా అంతే. రబ్బరు సామాను దాచేముందు పౌడర్ చల్లకపోతే ఒకదానికొకటి అంటుకుంటుంది. ఆ తర్వాత దాన్ని లాలాపేట్‌లో నాకు ఎప్పుడూ జోళ్లు చేసే అద్దాలాయన దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన తిప్పి తిప్పి చూశాడు. "ఏందన్నా గిది? వెల్డింగ్ అద్దాలా?"

"నీళ్లల్ల మునిగేటివి."

"ఉప్పల్ చెరువులనా?"

"అండమాన్ సముద్రంల."

"యాడనన్న మునుగు. అద్దం ఊడితే నన్ను మాత్రం తిట్టకు," అన్నాడు. గుడ్డతో ఒకసారి పైపైన తుడిచి, లోపలివైపు రెండు అద్దాలూ అతికించి ఇచ్చాడు. పెట్టుకుని దుకాణం బయటికి చూశాను. ఫ్లైఓవర్ మీద పోతున్న బస్సు నంబరు కూడా కనిపించింది. ఆ మాస్కుతోనే ఇంటిదాకా నడిచిపోదామనిపించింది.

యాదగిరి త్రాసు

సంచి సర్దడం ఎలాగో శ్రీను ఫోన్‌లో చెప్పాడు. నేను రాసుకోలేదు, వింటూనే సర్దాను. ఈతకాళ్లు, అంటే కాళ్లకు తొడుక్కునే ఆ పొడవాటి రబ్బరు రెక్కలు, సంచికి రెండువైపులా గోడల్లాగా నిలబెట్టాలి. రబ్బరు సూటు మడత పెట్టకూడదు, మడిస్తే ఆ గీత మీదే చిరుగుతుంది. చాపలాగా చుట్టాలి. నీళ్లలో తేలడానికి తొడుక్కునే గాలి జాకెట్టులో గాలంతా తీసేసి అడుగున పరవాలి. నీళ్లలో తాళ్లు చుట్టుకుంటే కోసుకునే కత్తి పెద్ద సంచిలోనే పోవాలి. టార్చిలోంచి బ్యాటరీలు తీసేయాలి, లేకపోతే దారిలో దానంతటది వెలిగి కాలిపోవచ్చు. నోట్లో పెట్టుకుని గాలి పీల్చే గొట్టాల సెట్టును రెగ్యులేటర్ అంటారు. దాన్నీ, మాస్కునూ మాత్రం కంటికి కనబడేటట్టు చేతిసంచిలో పెట్టుకోవాలి.

సిలిండర్ మాట ఏమిటని మీరు అడగవచ్చు. మా కాలనీలో అందరూ అడిగారు. గాలి నింపిన సిలిండర్‌ను విమానంలోకి రానివ్వరు. అది అక్కడే ఇస్తారు. మునగడానికి నడుముకు కట్టుకునే సీసం దిమ్మెలూ అక్కడివే.

ఇవన్నీ సర్దాక నా వంతు పని నేను చేశాను. వర్క్స్ నుంచి తెచ్చిన చాక్ పౌడర్‌ను గొట్టాలకు, సూటుకు, ఈతకాళ్లకు ధారాళంగా చల్లాను. ఈతకాళ్లలో పాదం దూర్చే చోటు ఖాళీగా ఉండటం పద్మకు నచ్చలేదు.

"అంత చోటు వృథాగా పోతోంది కదండీ," అని వాటిలో సకినాల పొట్లాలు కుక్కింది. కాకినాడ మనిషి. ఇరవై ఏళ్లలో సకినాలు చుట్టడంలో మా అమ్మను మించిపోయింది.

ఇంట్లో త్రాసు లేదు. సంచి భుజాన వేసుకుని పాత సామాన్లు కొనే యాదగిరి దగ్గరికి పోయాను. కొక్కేనికి తగిలించే ముందు జిప్పు తీసి చూశాడు.

"రబ్బరుకు రేటు లేదన్నా. ఇత్తడి ఏమన్న ఉంటే చెప్పు."

"అమ్ముతలేనే. బరువు చూసి చెప్పు, చాలు. విమానంల పోవాలె."

"గివన్ని మోసుకొని విమానంలనా?" కొక్కెం వైపు చూసి, మళ్లీ నా వైపు చూశాడు. "మల్ల వచ్చేటప్పుడు తెస్తవా, అక్కడనే పారేస్తవా? పారేసేదుంటే ఇప్పుడే నాకు పారేయి, ఛార్జీలన్న మిగులుతయి."

శంషాబాద్: తెల్లని మేఘం

కొత్త ఎయిర్‌పోర్టుకు అప్పటికింకా కొత్త వాసన పోలేదు. నేల మీద నా మొహం నాకు కనిపించింది. మా ఊళ్లో ఆస్పత్రిలో కూడా అంత శుభ్రం చూడలేదు.

చేతిసంచిలోని రెగ్యులేటర్‌ను చూసి ఆపుతారని నేను సిద్ధపడి పోయాను. మనిషి ఊపిరి గురించి, నీటి ఒత్తిడి గురించి ఏం చెప్పాలో బస్సులో ఉప్పల్ నుంచి సాధన చేస్తూ వచ్చాను. ఎవరూ అడగలేదు. ఆపింది పెద్ద సంచిని.

చెకింగ్ దగ్గర ఒక అమ్మాయి యూనిఫారంలో ఉంది. మాటను బట్టి కరీంనగర్ వైపు మనిషి. జిప్పు లాగగానే లోపలి నుంచి తెల్లటి పొడి గుప్పున లేచి ఆమె నల్ల చొక్కా మీద పడింది. చుట్టుపక్కల వాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఏందన్నా ఇది?"

"చాక్ పౌడర్ మేడమ్."

"సంచి నిండ ఎందుకు పోసినవ్?"

"రబ్బరు అంటుకోకుండ. ఇది సుద్ద కాదు, మెత్తటి రాయిని నూరి చేస్తరు. రాళ్లల్ల అన్నింటికంటె మెత్తని రాయి ఇదే. గోటితోని గీకినా..."

ఇంతలో ఆమె పై అధికారి వచ్చాడు. హిందీ ఆయన. ఆయన ముందు ఒక కత్తి, నల్లటి గొట్టాలు, బ్యాటరీలు తీసిన టార్చి, ఇంత తెల్లపొడి. నేను హిందీలో రాయి సంగతి మొదటి నుంచి మొదలుపెట్టాను. చెప్పే కొద్దీ ఆయన మొహం బిగుసుకుంది. మా విమానం పిలుపు అప్పటికే వినపడుతోంది. ఆ సంచి ఆగితే శ్రీను సీజన్ ఆగుతుంది, నా సముద్రమూ ఆగుతుంది.

"మీరు కాస్త ఆగండి," అని పద్మ నన్ను పక్కకు జరిపింది. రెండు వేళ్లతో పొడి తీసుకుని చెంపలకు, నుదుటికి, మెడకు రాసుకుంది. రుమాలుతో అద్దుకుంది. "మొహానికి రాసుకునే పౌడరేనండీ. వాసన ఒక్కటే తక్కువ."

నాటకంలో వేషం కట్టినట్టుంది. కరీంనగర్ అమ్మాయి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. పై అధికారి నవ్వలేదు కానీ బిగువు సడలించాడు. చిటికెడు పొడి ఒక పట్టీ మీద తీసుకుని ఏదో యంత్రంలో పెట్టి చూశాడు. యంత్రానికి కూడా అభ్యంతరం కనబడలేదు. సంచి మళ్లీ మూస్తుంటే ఈతకాళ్లలో నుంచి కరకరమని చప్పుడైంది.

"ఇవి గూడ మునుగుతయా అక్కా?" అంది ఆ అమ్మాయి పొట్లం పైకెత్తి.

"సకినాలు. మా తమ్ముడికి. ఒకటి తీసుకో తల్లీ."

"డ్యూటీల తినొద్దక్కా," అంటూ వాటిని ఎంత జాగ్రత్తగా తిరిగి పెట్టిందంటే, ఆకలి మీద ఉన్న మనిషని మాకు అర్థమైంది.

పద్మ ఆ మొహంతోనే విమానం ఎక్కింది.

పోర్ట్‌బ్లెయిర్: "ఏటండీ, తెలుగోలా?"

విమానం దిగి బయట ఆటోవాడితో నేను హిందీలో బేరం మొదలుపెట్టాను. అతను సంచిలోంచి పొడుచుకొచ్చిన ఈతకాళ్ల వైపు, పద్మ మొహం మీద ఇంకా మిగిలిన తెలుపు వైపు చూశాడు.

"ఏటండీ, తెలుగోలా? ముందే సెప్పొచ్చు గదా."

పేరు అప్పన్న. వాళ్ల తాతలు శ్రీకాకుళం నుంచి ఓడలో వచ్చారట. ఇక్కడ మన తెలుగువాళ్లు ఇంతమంది ఉంటారని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"మీదే ఊరు?"

"హైదరాబాద్. నాచారం."

"అక్కడ సముద్రం నేదు గదా. మరి ఈ కప్పకాళ్లు ఎందుకండీ?"

"అటక మీద ఉండె," అన్నాను.

అతనే మమ్మల్ని ఒక తెలుగు హోటల్‌కు తీసుకుపోయాడు. చేపల పులుసులో చింతపండు దండిగా వేశారు. ధర మాత్రం ఉప్పల్‌కు రెండింతలు. ఉల్లిగడ్డ నుంచి సబ్బు దాకా అన్నీ ఓడలోనే రావాలి కదా అన్నాడు హోటలాయన. తిని బయటికి వచ్చేసరికి సాయంత్రం ఐదు దాటింది, అంతే, చీకటి పడిపోయింది. మా దగ్గర ఆ వేళకు ఉప్పల్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు బస్సులు ఇంకా కదలనైనా కదలవు. దేశమంతా ఒకటే గడియారం కదా, తూర్పున ఉన్నవాళ్లకు పొద్దు ముందు గుంకుతుందని పద్మకు వివరించాను.

"అయితే వీళ్లు సీరియళ్లు చీకట్లో చూస్తారన్నమాట," అంది.

హావ్‌లాక్: బకెట్టులో అద్దం

మరునాడు ఓడ దిగేసరికి శ్రీను రేవులో నిలబడి ఉన్నాడు. బాగా నల్లబడ్డాడు, జుట్టు ఉప్పుకు ఎర్రబడింది. తన ఇంటికి తీసుకుపోయి, సంచి విప్పి, పౌడర్ చూసి, తలపట్టుకుని నవ్వాడు. సామానంతా మంచినీళ్ల బకెట్టులో ముంచి కడగడం మొదలుపెట్టాడు. సకినాలు నములుతూనే నా మాస్కు చేతిలోకి తీసుకున్నాడు, నీళ్లలో ఒకసారి ఆడించాడు.

ఎడమ కంటి అద్దం ఊడి బకెట్టు అడుక్కి పోయింది.

శ్రీను నమలడం ఆపాడు. "బావగారూ, అద్దాలు అతికించక ముందు దీనికేమైనా రాశారా?"

"చాక్ పౌడర్."

"ఎందుకు రాశారు?"

"అంటుకోవద్దని," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే నాకు అర్థమైంది. లాలాపేట్ ఆయన పైపైన తుడిచిన గుడ్డకు అందని పొడి ఎక్కడో మిగిలిపోయింది. అంటుకోకుండా ఉండటానికి వేసిన పౌడర్ తన పని తాను చక్కగా చేసింది.

పద్మ నవ్వాపుకోలేక పక్కగదిలోకి వెళ్లింది. నేను బకెట్టు అడుగున అద్దం కోసం దేవులాడాను. ఆ దీవిలో అద్దాల దుకాణం లేదు. ఇన్‌స్టెంట్ జిగురుతో అతికిద్దామంటే శ్రీను ఒప్పుకోలేదు. మూసి ఉన్న మాస్కులో ఆ జిగురు ఆవిరి కంటికి మంచిది కాదన్నాడు. కుడి అద్దం గట్టిగానే ఉంది. కానీ ఎంతసేపు?

"ఒక కన్ను చాలు. లోతు, గాలి సంగతి నువ్వు చూసుకో," అన్నాను.

"నిజమే, మీ పని ఊపిరి పీల్చడమే," అన్నాడు. "కానీ కుడిది కూడా ఊడిందంటే పైకి వచ్చేయాలి. బతిమాలకూడదు."

గాలి

మరునాడు గాలి లేచింది. ఆ మర్నాడూ అంతే. పడవలు కదలలేదు. మా తిరుగు విమానం దగ్గరపడుతోంది. నీళ్ల అడుగున గాలి పీల్చినవాళ్లు పైకి వచ్చాక ఒక పూర్తి రోజైనా గడవకుండా విమానం ఎక్కకూడదు. ఒత్తిడిలో ఒంట్లో చేరిన గాలి పైన బుడగలు కడుతుంది. సోడా బుడ్డి మూత తీసినట్టు. ఇది నేను చదివే ఉన్నాను. చదవకపోయి ఉంటే బాగుండేదని ఆ రెండు రోజులూ అనుకున్నాను. మూడో రోజు పొద్దున కుదిరితే కుదిరినట్టు. లేకపోతే సముద్రం ఒడ్డున నిలబడి చూసి నాచారం పోవడమే.

పద్మకు మాత్రం గాలితో పని లేకపోయింది. అక్కడ ఎక్కువమంది బెంగాలీ కుటుంబాలు. సంతలో పూరీలు చేసే ఒక పెద్దామెతో స్నేహం కట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆమె ఆవాలు నూరి చేపకు పట్టించి చూపిస్తే, పద్మ ఆ ఆవపిండిని తను శ్రీనుకు కట్టిచ్చిన గోంగూర పక్కన పెట్టి ఆవకాయ సంగతి సైగలతో చెప్పింది. గంట తర్వాత ఇద్దరూ ఒకే పళ్లెంలో తింటున్నారు. చేప బాగుంది కానీ కారం చాలలేదని పద్మ తీర్పు. గోంగూర తిన్న ఆమె తీర్పేమిటో తెలియలేదు. కళ్లలో నీళ్లు మాత్రం కనిపించాయి.

"మీరేంటండీ ఆ ఆకాశం వైపు అలా చూస్తారు?" అంది నన్ను. "కాకినాడ దాన్ని, నాకు తెలుసు. సముద్రం చూస్తుంటే ఆగదు. ఇటు తిరిగి కూర్చోండి."

నేను తిరిగి కూర్చున్నాను. ఒక పూరీ కూడా తిన్నాను.

మూడో పొద్దు

తెల్లారేసరికి సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది. శ్రీను తలుపు తట్టి, "బావగారూ, విమానం లెక్కన పది గంటల లోపు నీళ్లలోంచి బయటికి రావాలి," అన్నాడు. నేను అప్పటికే సూటు తొడుక్కుని కూర్చున్నాను. వెనక జిప్పు పద్మే లాగింది.

పడవ కొద్ది దూరమే పోయింది. పద్మ లైఫ్ జాకెట్ వేసుకుని పడవలోనే కూర్చుంటానంది. పుట్టినప్పటి నుంచి సముద్రాన్ని ఎరిగిన మనిషే కానీ, అందులో ఎన్నడూ తల ముంచలేదు.

శ్రీను నా జాకెట్టు వెనక నుంచి పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. చెవులు నొప్పి పెట్టినప్పుడల్లా ముక్కు పట్టుకుని ఊదాను. మొదట అంతా పచ్చటి పొగ. ఎడమ కన్ను మూసేశాను. కుడి కంటి ముందు పొగ విడిపోయింది.

బ్లేడుతో కోసుకుపోయిన పేజీలన్నీ అక్కడున్నాయి. ఊదా రంగు పగడం కాలీఫ్లవర్ పువ్వంత గుబురుగా ఉంది. పక్కన పసుపుది, జింక కొమ్ముల్లాగా. చిలక చేప ఒకటి వచ్చి పగడాన్ని కొరికి, ఇసుక ఉమ్మేసి వెళ్లింది. ఆ చేప గురించి నాకు అంతా తెలుసు. అది నీలమని కూడా చదివాను. కానీ ఆ నీలం మా వర్క్స్‌లో గ్యాస్ మంట మొదట్లో ఉండే నీలం అని ఎవరు రాయగలరు? మాస్కు లోపల నా కుడి కన్ను తడిసింది. సముద్రం నీళ్లు కావు.

అప్పుడు వినిపించింది, చిటపటమని.

రబ్బరు పని చేసేవాడికి నీళ్లలో చిటపట వినిపిస్తే ఒకటే అర్థం. ఎక్కడో రింగు తెగింది, గాలి కారుతోంది. గొట్టం వైపు చూపించి శ్రీను చేయి గుంజాను. అతను గొట్టం చూశాడు, గాలి మీటరు చూశాడు, అంతా బాగుందని వేళ్లతో సైగ చేశాడు. నేను మళ్లీ గుంజాను. ఈసారి తన చెవి చూపించాడు, తర్వాత పగడాల వైపు చేయి చాచాడు.

గాలి కారడం కాదు. పగడాలే చప్పుడు చేస్తున్నాయి. పెనం మీద జొన్నలు పేలుతున్నట్టు, ఇండస్ట్రియల్ ఏరియా రేకుల మీద మొదటి వాన చినుకులు పడుతున్నట్టు, ఒక పక్క నుంచి కాదు, అన్ని పక్కల నుంచీ. బస్తీ అని చదివాను కదా. బస్తీ అన్నాక చప్పుడుంటుందని నాకెందుకు తోచలేదో! కోసేసిన పేజీలన్నీ ఉన్నా అది వాటిలో ఉండేది కాదు.

ఆ ఒక్క అద్దాన్ని మూడు రోజులు కంటికి రెప్పలా కాపాడుకున్నవాణ్ని, కుడి కన్ను కూడా మూసుకున్నాను. అలాగే కాసేపు వింటూ ఉండిపోయాను. శ్రీను నాకేమైనా అయ్యిందేమోనని భుజం తట్టేదాకా.

పైకి వచ్చాక పద్మ పడవ అంచు మీద వంగింది. "ఏం చూశారండీ?"

"ఇన్న," అన్నాను రొప్పుతూ. "కింద చప్పుడయితుంది. మస్తు చప్పుడు. బస్తీ లెక్క."

"చిటికెల రొయ్యలక్కా," అన్నాడు శ్రీను. "వేలెడంత ఉంటాయి, ముందుకాలి కొండితో చిటికేస్తాయి. నాకు అలవాటైపోయి చెప్పడమే మర్చిపోయాను. తల ముంచితే చాలు, ఇక్కడికే వినిపిస్తుంది."

పద్మ నీళ్ల వైపు చూసింది. "ఇన్నేళ్లూ ఒడ్డున అలల హోరే కదా విన్నాను. లోపల వేరేగా ఉంటుందా?"

ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. చున్నీ నడుముకు కట్టుకుంది, పడవ నిచ్చెన గట్టిగా పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. నడుము దాకా, మెడ దాకా. శ్రీను ఒక పక్క, నేనొక పక్క పట్టుకున్నాం. ఊపిరి బిగబట్టి తల ముంచింది. వెంటనే పైకి వచ్చి, మొహం తుడుచుకుని, మమ్మల్నిద్దర్నీ ఒకసారి చూసి, ఈసారి వెల్లకిలా వాలి, చెవులు రెండూ నీళ్లలోకి పోనిచ్చింది. మొహం మాత్రం పైన తేలుతోంది. కళ్లు మూసుకుంది.

నేనూరుకోలేకపోయాను. "ఆ చప్పుడు ఎట్ల వస్తదంటే పద్మా, ఆ కొండి మూసుకునేటప్పుడు నీళ్లల్ల ఒక బుడగ..."

తడి గాజుల చేయి ఒకటి నీళ్లలోంచి లేచి, నా మొహం ముందు ఆగింది. మాట్లాడొద్దని.